పదహారు వారాల్లో క్యాట్: మన లెక్క మనం వేసుకుందాం
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతతో చేసిన ప్రసంగ పాఠం)

 

డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు, చిన్న ఉద్యోగం చేస్తూ ఎంబీఏ చదవాలనుకుంటున్నవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. క్యాట్ నవంబరు చివరి వారాంతంలో ఉంటుంది. ఈ ఆగస్టు 9 నుంచి లెక్కేస్తే సుమారు పదహారు వారాలు. రోజుకు రెండు గంటలు, ఆదివారం నాలుగు గంటలు చదివితే వారానికి 16 గంటలు. పొలం పనులకు, దసరా దీపావళి పండుగలకు, సెమిస్టర్ పరీక్షలకు రెండు వారాలు తీసేద్దాం. తీసేయకపోయినా అవి ఎలాగూ పోతాయి. మిగిలేది 224 గంటలు. మన దగ్గర ఉన్న పెట్టుబడి ఇంతే.

పుస్తకం కంటే ముందు కుల ధ్రువీకరణ పత్రం చూసుకోండి. అందులో పేరు, పదో తరగతి మెమోలో పేరు ఒకటేనా? లేకపోతే రేపే మీసేవకు వెళ్లండి. ఐఐఎంలలో ఎస్టీలకు 7.5 శాతం సీట్లున్నాయి, ఫీజు సగమే, డిగ్రీలో 45 శాతం మార్కులు చాలు. అయితే దరఖాస్తు గడువు సెప్టెంబరులోనే ముగుస్తుంది. కేటగిరీ ఒకసారి తప్పుగా పెడితే తర్వాత మార్చరు.

ఇక పరీక్ష. మూడు విభాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. ఒకదాంట్లో మిగిలిన సమయం ఇంకోదానికి వాడుకోలేం. కటాఫ్ మనకు తక్కువే అయినా ప్రతి విభాగానికీ విడిగా ఉంటుంది. అందుకే లెక్కలు బాగా వచ్చు, ఇంగ్లీషు వదిలేస్తాం అంటే కుదరదు.

మనలో చాలామందికి ఇంట్లో కోయో గోండో సవరో, బడిలో తెలుగు. ఇంగ్లీషు మూడో భాష. దానికి మేము చెప్పే ఉపాయం ఒకటే. రోజూ రెండు ఇంగ్లీషు వ్యాసాలు చదివి, ఒక్కోదాని సారం రెండు వాక్యాల్లో మీ భాషలోనే రాయండి. రాయలేకపోతే అర్థం కాలేదన్నమాట, మళ్లీ చదవండి. ఊళ్లో సిగ్నల్ ఉండదు కాబట్టి మండల కేంద్రానికి వెళ్లినప్పుడే వారానికి సరిపడా డౌన్‌లోడ్ చేసుకోండి. ఈ పరీక్షలో అడవుల మీద, ఆదిమ తెగల మీద కూడా వ్యాసాలు వస్తుంటాయి. మన సంగతే కదా అని మనకు తెలిసినదాన్ని బట్టి జవాబు పెట్టకండి. అక్కడ రచయిత ఏమన్నాడో అదే జవాబు, అది మనకు నచ్చకపోయినా సరే.

లెక్కల్లో మొదటి ఐదు వారాలూ శాతాలు, నిష్పత్తులు, లాభనష్టాలు, కాలం-పని, వేగం-దూరం. ఆ తర్వాత సమీకరణాలు. ప్రస్తారాలు, సంయోగాలు ఇంతకుముందు రాకపోతే ఈసారికి వదిలేయండి. తప్పుకు ఒక మార్కు పోతుందని మరవకండి. పది ప్రశ్నలు చేసి ఎనిమిది ఒప్పయితే 22 మార్కులు. పదహారు చేసి అదే ఎనిమిది ఒప్పయితే 16. ఆప్షన్లు లేని ప్రశ్నలకు మాత్రం మైనస్ లేదు.

డేటా, లాజిక్ విభాగంలో మొదటి ఐదు నిమిషాలూ పెన్ను పట్టకండి. సెట్లన్నీ చూసి, చేయగలిగేవి రెండు మూడు ఎంచుకోండి. సంతలో నాలుగు కొట్లు తిరిగాకే కదా కొంటాం!

ఆరో వారం నుంచి ఆదివారం మాక్ టెస్ట్. పరీక్ష రెండు గంటలైతే, తప్పులు చూసుకోవడానికి ఇంకో రెండు గంటలు. ఫోన్లో కాదు, కంప్యూటర్ మీదే రాయండి. తెర మీది క్యాలిక్యులేటర్‌ను మౌస్‌తో నొక్కడం కూడా అలవాటు కావాలి.

క్యాట్ తప్పినా ఐసెట్ ఉంది. దానికీ ఈ లెక్కలే, పైగా మైనస్ మార్కులు లేవు.

పరీక్ష మూడు పూటల్లో జరుగుతుంది, ఏ పూట అన్నది మన చేతిలో ఉండదు. ఉదయం పూట పడితే 8:30కే మొదలు. పాడేరు నుంచో ఉట్నూరు నుంచో ఆ పొద్దున బయలుదేరితే అందదు. ముందురోజు రాత్రి ఏ ఊళ్లో, ఎవరి గదిలో ఉండాలో హాల్‌టికెట్ రాగానే సీనియర్లకు ఫోన్ చేసి అడగండి.