బందరు పొడుం, చికాగో అట్లు, అపూ దుకాణం



కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి స్మారక సభల్లో ఆంధ్రపత్రిక గురించి మాట్లాడటం ఆనవాయితీ. నేను ఆ పత్రికను పోషించిన సరుకు వైపు నుంచి వస్తాను. గుడివాడ తాలూకా ఎలకుర్రులో పుట్టి బందరులో చదువుకున్న పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో ఊరికే పంచి జనానికి అలవాటు చేశారు. 1908లో ఆంధ్రపత్రిక పుట్టింది ఆ రాబడితోనే.

సరుకును జనానికి అలవాటు చేసే దారి ఇంకొకటి ఉంది, మనిషికి వేషం కట్టడం. అదే 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో నాన్సీ గ్రీన్ అనే నల్లజాతి స్త్రీ నవ్వుతూ, కథలు చెబుతూ అట్లు పోసింది. ఆమె బానిసగా పుట్టిన మనిషి. ఒక అట్ల పిండి కంపెనీ ఆమెకు కట్టిన వేషం పేరు ఆంట్ జెమైమా. దొరల వంటింట్లో బానిసలు హాయిగానే ఉండేవారని తెల్లవారిని నమ్మించే వేషం అది. నల్లజాతివారు దశాబ్దాలపాటు అభ్యంతరం చెబుతూ వచ్చారు. 1989లో కంపెనీ బొమ్మ తలగుడ్డ తీసి చెవులకు ముత్యాలు పెట్టింది! 2020లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని పోలీసు చంపడంపై ఆగ్రహం వీధుల్లోకొచ్చాక గాని పేరునూ బొమ్మనూ వదులుకోలేదు. 1923లో పోయిన నాన్సీ గ్రీన్ సమాధికి పేరు చెక్కిన రాయి పడిందీ ఆ 2020లోనే.

పరాయి మనిషి బొమ్మ పెట్టి సరుకు అమ్మే ఈ విద్య చికాగోలో పుట్టింది కాదు. లండన్ పొగాకు దుకాణాల్లో మన బందరు, అంటే మచిలీపట్నం పేరుతోనే ఒక నస్యం అమ్మేవారు. ఆ వ్యాపారంలో గుమ్మం దగ్గర చెక్కబొమ్మ నిలబెట్టడం పాత ఆచారం. చదువు రానివాడికి అదే బోర్డు. ఒక బొమ్మ చిటికెడు పొడుం పీలుస్తున్న స్కాట్లాండు కొండప్రాంతపు సిపాయి. ఇంకొకటి నల్లకుర్రాడు. వాడి రంగు ఆఫ్రికాది, నెత్తిన ఈకలు అమెరికా ఆదివాసివి, మొలకు పొగాకు ఆకులు. రెండు ఖండాల మనుషుల్ని ఒక్క మొద్దులో చెక్కేసినా అడిగే నాథుడు లేడు. వాళ్లు ఆ కొట్టుకు బేరానికొచ్చేవాళ్లు కారుగా!

ఎయిరిండియా మహారాజా సంగతి వేరంటారు. నిజమే, 1946లో ఆ బొమ్మకు ప్రాణం పోసిన బాబీ కూకా, ఉమేశ్ రావు మనవాళ్లే. తన మీద తాను వేసుకున్న జోకు ఎవరికీ పెద్దగా గుచ్చుకోదు. కానీ వీధి నాటకాల్లో గిరిజనులను నవ్వులపాలు చేసే సింగీ సింగడు వేషాలకు పగలబడి నవ్విన మనం, నాగాయలంక వైపు యానాదుల పిల్లవాడు లేచి అదేమిటని అడిగితే ఏం చెబుతాం? నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు.

అలా లేచి అడిగిన తెలుగు మూలాల మనిషి ఒకడున్నాడు. న్యూయార్క్ హాస్యనటుడు హరి కొండబోలు. 'ది సింప్సన్స్' కార్టూన్లో అపూ అనే భారతీయ దుకాణదారు 1990 నుంచి ఉన్నాడు. వాడి యాసను పలికింది హ్యాంక్ అజారియా అనే తెల్ల నటుడు. 2007లో ఆ కార్టూన్ సినిమా ప్రచారానికి సెవెన్-ఇలెవెన్ సంస్థ డజను దాకా దుకాణాలను అపూ కొట్టులా ముస్తాబు చేసింది. అక్కడి ఎన్నో సెవెన్-ఇలెవెన్ కౌంటర్ల వెనక ఉన్నది మనవాళ్లే. బడిలో ఆ యాసతో వెక్కిరింతలు పడ్డ పిల్లల తరఫున కొండబోలు 2017లో 'ది ప్రాబ్లం విత్ అపూ' చిత్రం తీశాడు. తిట్లూ తిన్నాడు. 2020లో అజారియా ఆ గొంతు మానేశాడు, మరుసటి ఏడు క్షమాపణ చెప్పాడు.

కొండబోలు అపూను తీసెయ్యమనలేదు, మనిషిలా రాయమన్నాడు. కార్టూన్ వాళ్లు మాత్రం ఆ రాసే శ్రమ పెట్టుకోకుండా అపూను మాటల్లేని పాత్రగా గుంపులో నిలబెట్టారు.