కొండవాలు మీద ఎవరి మాట చెల్లుతుంది?
(ప్రసంగ పాఠం)



2024 జులై 30 తెల్లవారుజామున వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల ఊళ్ళు బురదలో కూరుకుపోయాయి. రెండు వందల మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో తేయాకు తోటల కూలీలున్నారు. చరియ విరిగింది పైన అడవిలో. రిసార్టుల వల్లేనని నేననను. కానీ ఆ మేప్పాడి ప్రాంతం సున్నితమైనదని గాడ్గిల్ కమిటీ 2011లోనే చెప్పింది. ఆ పక్కనే పుత్తుమలలో 2019లో 17 మంది పోయారు. అయినా కొండ కింద బతికే ఆడవాళ్ళను ఎవరడిగారు?

2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ చూడండి. భవన నిర్మాణాలకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదంటుంది. 20,000 చదరపు మీటర్ల లోపైతే దాని కింద అనుమతే అక్కర్లేదు. కొండవాలుకీ చదును నేలకీ ఒకటే కొలత! ఇది మార్చమని మనం అడగాలి.

గనుల వంటి వాటికి సేకరణ ఉంది. 30 రోజుల ముందు ప్రకటించాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలి. అభ్యంతరం చెప్పడానికి పట్టా ఎవరి పేరనుందని అడగరు. కూలి మానుకుని రాలేనివాళ్ళు రాసి పంపవచ్చు. సారాంశం తెలుగులో లేకపోతే సభ మొదట్లోనే లేచి ఆ మాట చెప్పండి, మినిట్స్‌లో రాయించండి.