సీసాకు తగిన సిరంజి



షుగరు జబ్బు పట్నాల్లోనే వుంటుందనుకునే రోజులు పోయాయి. ఉభయ గోదావరి జిల్లాల్లోని 20 పల్లెల్లో జరిపిన పరిశీలన ఒకటి 2006లో వెలువడింది. 30 ఏళ్ళు నిండినవారిలో నూటికి సుమారు 13 మందికి ఈ జబ్బు వున్నట్టు అందులో తేలింది. వీరిలో కొందరికి రోజూ ఇన్సులిన్ తప్పదు. ఆ ఇంజక్షను చాలా ఇళ్ళలో ఇల్లాలి చేతిమీదుగానే జరుగుతుంది. అందుకే సిరంజి, సూదుల సంగతి నాలుగు మాటలు చెప్పుకుందాం.

సోలకూ గిద్దకూ తేడా మనకు తెలియనిది కాదు. గిద్దెడు పొయ్యవలసిన చోట సోలెడు పోస్తే వంట పాడవుతుంది, అంతే. ఇన్సులిన్ దగ్గర ఆ పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు ముఖ్యంగా రెండు రకాలు. మిల్లీలీటరుకు 40 యూనిట్లుంటే యు-40, 100 యూనిట్లుంటే యు-100. సిరంజీలూ అలాగే రెండు. ఎర్రమూతది యు-40కి, నారింజరంగు మూతది యు-100కి.

అమలాపురం నుంచి అమ్మగారు రాజమండ్రిలో కూతురింటికి వచ్చారనుకోండి. యు-100 సీసా తెచ్చుకున్నారు గాని, సిరంజీలు మరిచారు. వీధి చివర షాపులో ఎర్రమూత సిరంజి దొరికింది. అందులో 20 గీత దాకా లాగితే వచ్చేది అర మిల్లీలీటరు. అంటే 20 యూనిట్లు కాదు, 50 యూనిట్లన్నమాట! చెమటలు, వణుకు, తికమక, ఆపైన స్పృహ తప్పడం. అదే యు-40 మందును నారింజమూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే పడేది 8 యూనిట్లే. షుగరు అదుపులోకి రాదు. కనుక సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటే కావాలి. రంగు చూసి ఊరుకోకండి, అంకె చదవండి. లెక్కలు కట్టి సరిపెట్టుకోవడం అసలే వద్దు.

పొరపాటున మోతాదు ఎక్కువై చెమటలు పోస్తుంటే, స్పృహలో వున్నవారికి మూడు చిన్న చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. వెంటనే డాక్టరుకు కబురు చెయ్యండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి.

ఇక సూది. గేజి అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 31 గేజి సూది చాలా సన్నం, నొప్పి తక్కువ. ఒకరి సూది మరొకరికి ఎన్నడూ వాడకూడదు.

మందులో ఉండలు కనిపిస్తే వడపోసి వాడవచ్చా అని కొందరు అడుగుతారు. ఆస్పత్రుల్లో సిరంజికి తగిలించే వడపోతలున్న మాట నిజమే. 0.22 మైక్రాన్ల రంధ్రాలున్నవి సూక్ష్మజీవులను ఆపేస్తాయి. కాని పాలలా తెల్లగా వుండే ఇన్సులిన్‌లో తేలే నలుసులే మందు. వడపోస్తే మందంతా వడపోతలోనే ఆగిపోతుంది. ఆ రకం సీసాను అరచేతుల మధ్య నెమ్మదిగా దొర్లించి కలపాలి, అంతే. అప్పటికీ ఉండలు పోకపోతే, ఆ సీసా పారవెయ్యవలసిందే. నీళ్ళలా తేటగా వుండవలసిన ఇన్సులిన్ మసకబారినా అంతే. ఎండ తగిలినా, గడ్డకట్టినా ఇన్సులిన్ చెడుతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో సీసాను కవరులో చుట్టి, తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో వుంచుకోవచ్చు.

వాడిన సూదులను కాలవలోనో, చెత్తలోనో వెయ్యకండి. గట్టి డబ్బాలో వేసి, మూత బిగించి, ఆస్పత్రిలో ఇవ్వండి. చెత్త ఎత్తే అమ్మ చేతికీ మన చేతికున్నంత విలువే వుంది కదా!