కట్ట నిలిచినా కొండ జారొచ్చు



సర్వరాయసాగర్ రిజర్వాయర్ మీ మండలంలోనే ఉంది కాబట్టి ఈ సభకు నన్ను పిలిచారు. వచ్చినప్పటినుంచీ అందరిదీ ఒకటే ప్రశ్న: "సార్, కట్ట తెగుతుందా?" ఆ సంగతికి చివర్లో వస్తాను. రిజర్వాయరంటే కట్ట ఒక్కటే కాదండీ! నీళ్లను ఆనుకున్న కొండ, గట్టు, కాలువ ఒడ్డు అన్నీ అందులో భాగమే. కట్టకు వెంట్రుకంత పగులొస్తే ఊరంతా వచ్చి చూస్తుంది. ఎదురుగా ఉన్న కొండ పగిలితే మేకలు కాసేవాళ్లకు తప్ప ఎవరికీ పట్టదు.

"మనది బండరాయి సార్, కదలదు" అంటారు. ఈ మాట వింటే నాకు కోపమొస్తుంది. ఇటలీలో వయాంట్ లోయ కొండ కూడా బండరాయే, సున్నపురాయి. అక్కడ దాదాపు 262 మీటర్ల ఎత్తున డ్యామ్ కట్టి నీళ్లు నింపారు. 1960లో కొండమీద సుమారు రెండు కిలోమీటర్ల పొడవున పగులు కనిపించింది. అంతకంటే ఏం చెబుతుంది కొండ? నీటిమట్టాన్ని పెంచుతూ దింపుతూ కొండను అదుపులో పెట్టుకోవచ్చని అనుకున్నారు. 1963 అక్టోబరు 9 రాత్రి, మట్టం దింపుతుండగానే, సుమారు 27 కోట్ల ఘనపు మీటర్ల కొండ నిమిషంలోపే జలాశయంలోకి దిగింది. నీళ్లు డ్యామ్ మీదుగా ఎగసి కింద లోంగరోనె పట్టణం మీద పడ్డాయి. దాదాపు రెండువేల మంది పోయారు. డ్యామ్ తెగిందా? లేదు. ఈరోజుకీ నిలబడే ఉంది! వెనకున్న అన్నలూ, ఈ ఒక్క మాట ఇంటికి తీసుకెళ్లండి: డ్యామ్ గట్టిదైనంత మాత్రాన చుట్టుపక్కల కొండ గట్టిది కాదు.

కారణం మీకు తెలియందేం కాదు. కడప బండల్ని ఏటవాలుగా పేర్చి, మధ్యమధ్య తడి బంకమట్టి పూస్తే ఏమవుతుంది? పైబండ జారుతుంది. వయాంట్‌లో జరిగింది అదే. రాతిపొరల మధ్య సన్నటి బంకమట్టి ఉంది, పొరలు లోయవైపు వాలి ఉన్నాయి, నీరు లోపలికి దిగి వాటి పట్టు సడలించింది. అందుకే "రాయి గట్టిదా?" అని అడక్కండి. "పొరలు ఎటు వాలాయి, మధ్యలో ఏముంది?" అని అడగండి.

మన కడప రాళ్ల గురించి 1872లోనే భూగర్భశాస్త్రవేత్త విలియం కింగ్ వివరంగా రాశాడు. వేంపల్లె, పులివెందుల, గండికోట పేర్లు భూగర్భశాస్త్ర పుస్తకాల్లో రాతిపొరల పేర్లు. గండికోట లోయలో పొరలు దాదాపు సమతలంగానే ఉన్నాయి. కొండకు కొండే జారడం అక్కడ కష్టం. కానీ నిలువు చీలికలున్నాయి. వాటిలోకి వాననీరు దిగి, అంచు బండలు ఊడి పడతాయి. ఆ అంచున నిలబడి సెల్ఫీలు తీసుకునే పిల్లలకు దయచేసి చెప్పండి.

ఇంకో అపోహ: "నీళ్లు నిండితేనే భయం, దిగిపోతే నిశ్చింత." మట్టికట్టకు ఇది తప్పు! నిండుగా ఉన్నప్పుడు కట్ట లోపలివైపు వాలును నీళ్లే ఆనుకుని నిలబెడతాయి. గబగబా దించితే ఆ ఆసరా పోతుంది. మట్టిలో ఇంకిన తడి మాత్రం అంత తొందరగా బయటికి రాదు, లోపలినుంచి నెడుతుంది. వాలు జారుతుంది. కాలిఫోర్నియాలో శాన్ లూయిస్ మట్టి డ్యామ్ 1981లో ఇలాగే జారింది. సాగుకని నాలుగు నెలల్లో 55 మీటర్లు దించారు. ఎండాకాలంలో "వదలండి, వదలండి" అని ఒత్తిడి చేసే నాయకులు ఇది వినాలి.

టైమైందని సైగ చేస్తున్నారు, త్వరగా ముగిస్తాను. నల్లరేగడిలో తవ్విన కాలువ ఒడ్డులు వానకు ఉబ్బి, ఎండకు పగిలి జారతాయి. అది కాంట్రాక్టరు తప్పే అయి ఉండాలని లేదు, మట్టి గుణం. 2015 చివర్లో చింతకొమ్మదిన్నె పొలాల్లో గుంతలు పడినప్పుడు ప్రళయమన్నారు. కాదు, కింద సున్నపురాయిలో నీరు తొలిచిన ఖాళీలవి. ఇక మీ ప్రశ్న, కట్ట తెగుతుందా అన్నది. అన్నమయ్య ప్రాజెక్టు 2021 నవంబరు 19న తెగింది. ఎగువన పింఛా ప్రాజెక్టు తెగి వచ్చిన వరద మట్టికట్ట మీదుగా పొర్లింది. మట్టికట్ట మీద నీరు పొర్లితే దాన్ని ఆపే మంత్రం లేదు. గేట్లన్నీ పనిచేయాలి, అంతే.

మీ పని మీరు చేయండి. నీళ్లు దిగిన వారంలో కట్టమీద నడవండి. కట్ట పొడుగునా పగులు, ఒరిగిన చెట్టు, కట్ట అడుగున బురదగా వచ్చే ఊట కనిపిస్తే ఫొటో తీసి ఇంజనీరు చేతికివ్వండి, రసీదు అడగండి. 2021 డ్యామ్ భద్రత చట్టం ప్రకారం పెద్ద డ్యాములను వానలకు ముందూ తర్వాతా తనిఖీ చేయాలి, అత్యవసర ప్రణాళిక తయారుచేయాలి. ఆ ప్రణాళికలో మీ ఊరికి ఎవరు ఫోన్ చేస్తారో, ఏ మెరకకు పోవాలో రాసి ఉందా? రేపే వెళ్లి అడగండి.