పాటా, ఆటా, నటనా: పిల్లలకు ఏది ముందు?



పెదపాడు చుట్టుపక్కల తల్లిదండ్రులకు తరచూ వచ్చే సందేహమిది. పిల్లకు డాన్స్ నేర్పించాలా, పాటా, నటనా?

మన పెద్దలు ఈ మూడింటినీ విడదీయలేదు. కూచిపూడినే చూడండి. భామాకలాపంలో సత్యభామ వేషం కట్టినవారు అడుగు వెయ్యాలి. ముఖంలో అలక చూపించాలి. దరువు పాడాలి, మాటా చెప్పాలి. ఆడుతూ పాడాలంటే ఊపిరి ఎంత అదుపులో ఉండాలో ఆలోచించండి!

తాడేపల్లిగూడెంలో స్థిరపడ్డ హాస్యనటులు రేలంగి వెంకట్రామయ్యగారు తెలుసు కదా. తండ్రిగారి దగ్గరే సంగీతం, హరికథ నేర్చుకున్నారు. ఆపైన కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాలు. ఎస్వీ రంగారావుగారు, అంజలీదేవిగారు కూడా ఆ క్లబ్‌లో వేషాలు కట్టినవారే. అంతా జనం ముందు నిలబడి నేర్చుకున్నారు.

కాబట్టి ఏది ముందైనా ఫర్వాలేదు, నేర్పే తీరే ముఖ్యం. చేర్పించే ముందు ఒక పూట క్లాసులో కూర్చోండి. సినిమా పాటకు స్టెప్పులు బట్టీ పట్టిస్తున్నారా? లేక మోకాలు సరిగా వంగకపోతే ఆపి, అదే అడుగు మళ్లీ వేయిస్తున్నారా? ఇలా ఆపి దిద్దే చోటే చేర్పించండి. పాటకైతే శ్రుతిపెట్టె మోగుతోందా అని వినండి. మగపిల్లలకు గొంతు మారే వయసులో పై స్థాయిలో అరిపించకూడదు. ఆ కొన్నాళ్లూ హాయిగా పలికే స్థాయిలోనే పాడించాలి.

మళ్లీ చెబుతున్నాను. ఫీజు కట్టే ముందు ఒక పూట కూర్చుని చూడండి. కాస్త పట్టు దొరికాక, శ్రీరామనవమి పందిట్లో ఐదు నిమిషాలు అడిగి ఇప్పించండి.