యాత్రలు, సాయంత్రం పాలు

(ఆళ్లగడ్డలో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మేము రిజిస్టర్ల గురించి మాట్లాడబోవడం లేదు. ఆడిట్ గురించి అసలే లేదు. కాబట్టి కార్యదర్శులు నిశ్చింతగా కూర్చోవచ్చు.

ఆమధ్య ఈ పక్క పల్లెలోనే సంఘం తనిఖీకి వెళ్లాము. పాలు పోసి చీటీ తీసుకున్న ఒక అమ్మ మమ్మల్ని ఆపి, "సార్, మావోడు డెన్మార్కులో ఉద్యోగం చేస్తా ఉండాడు. నెల దినాలు వచ్చి చూసిపో అంటాడు. ఆడ చూసేదానికి ఏముంది?" అని అడిగింది.

సహకార డిప్లొమా చదివే రోజుల్లో మేము కంఠస్థం చేసిన దేశం పేరది. ఊరుకుంటామా? తెలిసినదంతా చెప్పాము. అది చిన్న దేశం. వైశాల్యం సుమారు 43 వేల చదరపు కిలోమీటర్లు, మన రాష్ట్రంలో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. అక్కడి నేలలో అన్నిటికంటే ఎత్తయిన చోటు సముద్ర మట్టానికి 171 మీటర్లే. మన నంద్యాల పట్టణమే అంతకంటే ఎత్తులో ఉంది. ఇక నల్లమల మాట చెప్పనే అక్కరలేదు. చుట్టూ సముద్రం, పచ్చిక బయళ్లు, పాత కోటలు. తిండికి వస్తే, రై అనే ధాన్యంతో చేసిన నల్ల రొట్టె మీద వెన్న మందంగా పూసి, పైన చేపో, గుడ్డో పెట్టుకుని తింటారు. జొన్నరొట్టె మీద వెన్నముద్ద పెట్టుకునే మనకు అది మరీ కొత్త సంగతి కాదు.

ఆ దేశంలో మనం చూడవలసింది ఇంకొకటి ఉంది. 1870ల తరువాత అమెరికా నుంచి చవక ధాన్యం వచ్చిపడి అక్కడి రైతుకు గిట్టుబాటు లేకుండా పోయింది. రైతులు పాడికి మళ్లారు. 1882లో పశ్చిమ జట్లండులోని యెడింగ్ అనే పల్లెలో రైతులు కలిసి ఆ దేశపు తొలి సహకార డెయిరీ పెట్టుకున్నారు. ఇంట్లో ఎన్ని ఆవులున్నా మనిషికి ఒకటే ఓటు. ఆ కట్టడాన్ని ఇప్పుడు మ్యూజియంగా కాపాడుతున్నారు. అదే 1882లో ఇక్కడ మన కె.సి. కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ దగ్గర నుంచి ప్రభుత్వం కొనుక్కున్నది. మన తాతలకు నీళ్లు ప్రభుత్వం చేతికి వచ్చిన ఏడే, వాళ్లకు డెయిరీ సొంత చేతికి వచ్చింది.

అంతా విని ఆ అమ్మ, "బాగుంది గానీ సార్, నెల దినాలు నా బర్రెను ఎవురు పితుకుతారు?" అన్నది.

మా దగ్గర జవాబు లేదు. మాట మార్చడానికి, "అహోబిలం ఎన్నిసార్లు చూశావమ్మా?" అన్నాము. పెళ్లయిన కొత్తలో దిగువ అహోబిలం ఒకసారి చూసిందట. ఎగువకు పోలేదట. మహానంది చూడనే లేదట. ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పాతిక కిలోమీటర్ల పైచిలుకు. నంద్యాల నుంచి మహానంది పదిహేను. అక్కడ పాలు పోయడానికి నిలబడిన ఆడవాళ్లందరినీ అడిగాము. పదిమందిలో ఎనిమిది మందిది అదే మాట. పొద్దున ఐదుకు పితకాలి, సాయంత్రం ఐదుకు పితకాలి. మధ్యలో ఎంత దూరం పోగలరు?

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట ఒక సంఘం సభ్యులను మేమే ఉత్సాహపడి విహారయాత్రకు తీసుకుపోయాము. కార్యదర్శీ, టెస్టరూ ఇద్దరూ బస్సు ఎక్కారు. దారిలో టైరు పేలింది. ఊరు చేరేసరికి రాత్రి పది దాటింది. సాయంత్రం పాలు తెచ్చినవాళ్లు తాళం వేసిన గది ముందు క్యాన్లు పెట్టుకుని కూర్చున్నారు. పాలు విరిగాయి. మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అందుచేత ఈసారి కార్తీకంలో యాత్ర అనుకున్నప్పుడు ముందు బర్రెల సంగతి చూశాము. సభ్యులు సగం మంది పోవాలి, సగం మంది ఉండాలి. తరువాతి యాత్రకు వీళ్లు ఉంటారు, వాళ్లు పోతారు. కార్యదర్శి, టెస్టరు ఒక్క బస్సు ఎక్కరాదు. కొత్త చేయి పడితే బర్రె చేపదని మీకు మేము చెప్పాలా? అందుకని వారం ముందు నుంచే పొరుగింటామె వచ్చి, యజమానురాలు పక్కన నిలబడి ఉండగా, పితకడం మొదలుపెట్టింది. దాణా అదే, వేళ అదే. కొందరైతే యజమానురాలి పాత చీర కట్టుకుని పితికారు. నవ్వకండి, అది పనిచేసింది. ఎవరి పాలు వారి నంబరు మీదే పోయాలి, కలపరాదు. చేపలేదని సూది మందు వేయడం మాత్రం ఎవరు చేసినా ఒప్పుకోమని గట్టిగా చెప్పాము. ఒక పూట పాలు తగ్గితే తగ్గనీ.

ఉదయం పాలు పోసి బయలుదేరాము. మహానంది కోనేట్లో అడుగున పడిన పైసా కూడా కనిపిస్తుంది. ఆ ఊట నీళ్లే బయటికి పారి అరటితోటలు పండిస్తున్నాయి. ఆవు ఒకటి రోజూ పుట్ట మీద పాలు కార్చేదనీ, రాజు వచ్చి చూస్తే బెదిరి కాలు వేసిందనీ, ఆ గిట్ట గుర్తే లింగం మీద ఉందనీ స్థలపురాణం. అది విని ఒక అమ్మ, "ఆ ఆవు పేరు మన రిజిస్టర్లో ఉంటే ఈయప్ప సున్నా వేసేవాడు" అని కార్యదర్శిని చూపించింది. బస్సంతా ఒకటే నవ్వు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, చెనిగ్గింజల పొడి, ఎర్రగడ్డ, గడ్డపెరుగు. ఏ హోటలు భోజనమూ దానికి సాటి రాదని మా అభిప్రాయం. దారిలో ఆళ్లగడ్డ శిల్పుల పాకలు చూపించాము. రోజూ ఉలి చప్పుడు వింటూ ఒక్కరోజూ లోపలికి తొంగిచూడని వాళ్లే ఎక్కువ.

దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదుడి గుడి, విజయనగర కాలపు మండపాలు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చి స్వామికి నగలు సమర్పించినట్టు శాసనం ఉంది. అక్కడి నుంచి నల్లమల లోపలికి ఎనిమిది కిలోమీటర్లు పోతే ఎగువ అహోబిలం. భవనాశిని గలగలమంటున్నది. నవ నారసింహులను చూడాలంటే ఒక్క రోజు చాలదు. ఉగ్రస్తంభాన్ని కింద నుంచే చూసి దండం పెట్టాము.

అక్కడ మెట్ల మీద కూర్చున్న ఒక ముసలామె అన్న మాట మాకు ఇంకా చెవిలో ఉంది. ఏటా సంక్రాంతి వేళ పారువేటకు స్వామి కొండ దిగి, తన పెళ్లికి పిలవడానికి నలభై రోజులకు పైగా మన పల్లెలన్నీ తిరుగుతాడు కదా. "ఇన్నేండ్లూ ఆయనే మా ఊరికి వచ్చి పిలిచిపోయినాడు సార్. పిలుపు అందుకొని వచ్చింది ఇయ్యాలే" అన్నది.

ఏడు గంటలకు ఊరు చేరాము. మొదట అడిగిన అమ్మ ఇంటికి పోకుండా నేరుగా సంఘానికి వచ్చి తన నంబరు చూపించమన్నది. రోజూ సాయంత్రం నాలుగు లీటర్లు పోసేది, ఆ పూట మూడున్నర. వెన్న శాతం తగ్గలేదు. రెండుసార్లు చూసుకుని, "అర లీటరే కదా" అని వెళ్లిపోయింది.

మొన్న మళ్లీ కనిపిస్తే టిక్కెట్టు సంగతి అడిగాము. నెల దినాలంటే ఒప్పుకోలేదట. పదహైదు దినాలు చాలని కొడుకుకు చెప్పిందట. పొరుగామె ఇప్పటి నుంచే వచ్చి పితుకుతున్నది.