ద్వీపయాత్రకు ముందుచూపు

(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మోకాళ్ళ నొప్పుల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ ఈ వేదిక మీద చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి అండమాన్ యాత్ర గురించి చెప్పమని కార్యదర్శిగారు కోరారు. వింతల కంటే ఏర్పాట్ల గురించే ఎక్కువ చెబుతాను.

మేము నలుగురం వెళ్ళవలసినవాళ్ళం. నేను, మా ఇంటావిడ, పాకాల దగ్గరి నా మిత్రుడు, ఆయన భార్య. 2023 జనవరిలో బయలుదేరుదామంటే ఆయన, "మామిడి పూత మీదుంది, మందు కొట్టాల. వచ్చే ఏడు పోదాంలేరా" అన్నాడు. మరుసటి ఏడు మా అమ్మాయి పురుడు వచ్చింది. ఆ ఏడు వానాకాలంలో ఆయన గుండెపోటుతో పోయాడు. 2025 ఫిబ్రవరిలో ముగ్గురమే వెళ్ళాం. వదినమ్మ మొదట ఒప్పుకోలేదు. "నేనొక్కదాన్నీ నీళ్ళ మధ్య ఏం చేసేదానికి వస్తాను?" అంది. మా ఆవిడ వారం రోజులు బతిమాలింది.

మిత్రుడు వివరాలన్నీ ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టాడు. మేము దాని ప్రకారమే నడిచాం.

మొదటిది కాలం. అక్కడ మే నుంచి నవంబరు దాకా వానలు, తుఫాన్ల భయం. జనవరి నుంచి మార్చి వరకు మనబోటి వాళ్ళకు అనుకూలం. మన లైఫ్ సర్టిఫికెట్ పని కూడా ఆ రోజుల్లోనే పడుతుంది కాబట్టి ముందు అది ముగించుకుని కదలాలి.

రెండోది ప్రయాణం. చెన్నై నుంచి ఓడలో దాదాపు మూడు రోజులు, విమానంలో రెండు గంటల పైచిలుకు. ఓడ ఊపు ఈ వయసులో అందరికీ పడదు. మేము విమానంలోనే వెళ్ళాం. పేర్లు మారాయి, గమనించండి. హావ్‌లాక్ 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది, పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు.

మూడోది మందులు. పది రోజుల యాత్రకు ఇరవై రోజుల మందులు, డాక్టరు చీటీతో సహా, చేతిసంచీలోనే ఉండాలి. పెద్దాసుపత్రి ఉన్నది శ్రీ విజయపురంలోనే. చిన్న దీవుల నుంచి అక్కడికి సాధారణంగా పడవలో రావాలి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. తిరుగు విమానానికి ముందు ఒకటి రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి. మేము స్వరాజ్ ద్వీప్ నుంచి బయలుదేరవలసిన రోజున సముద్రం పోటుగా ఉందని పడవ ఆపేశారు. పుస్తకంలో ఆయన "ఒక రోజు ఎక్కువ" అని రాసి కింద గీత గీశాడు. ఆ రోజే మమ్మల్ని కాపాడింది. తిరుపతిలో ఒక బస్సు పోతే ఇంకో బస్సు ఉంటుంది, దీవిలో అలా కాదు.

ఇంకొక మాట. అక్కడ పొద్దు మనకంటే సుమారు 50 నిమిషాల ముందే వాలుతుంది. చూడవలసినవి ఉదయమే చూసుకోవాలి.

భాష గురించి బెంగ వద్దు. సిక్కోలు వైపు నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. బజారులో మన మాట వినబడగానే వదినమ్మ ముఖం విప్పారింది.

సెల్యులార్ జైలు 1896లో మొదలై 1906లో పూర్తయింది. ఏడు విభాగాల్లో మూడే మిగిలాయి. అల్లూరి సీతారామరాజు గారి మన్యం పోరాటంలో పట్టుబడ్డవారిలో కొందరిని అక్కడికే పంపారు. వదినమ్మ మెట్లెక్కలేక ఆవరణలో కూర్చుంది. "ఇక్కడికి తెచ్చినోళ్ళు మళ్ళీ ఇండ్లకు పోయినారా?" అని అడిగింది. కొందరు పోయారు, కొందరు పోలేదు అని చెప్పాను. ఆమె మరి మాట్లాడలేదు.

రాధానగర్ తీరంలో మాత్రం చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని మోకాలి లోతు దాకా వెళ్ళింది. మా ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఆయన ఉంటే ఈపాటికి ఇసుక అంటిందని గొణిగేవాడని నవ్వింది, కళ్ళు తుడుచుకుంది.

ఆ పుస్తకం ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఎవరికి కావాలన్నా జిరాక్సు తీయించి ఇస్తాను. ఖర్చు లెక్క వేసుకోండి, డాక్టరును అడగండి, పిల్లలకు చెప్పండి. వాయిదా మాత్రం వేయకండి. మామిడి పూత ఏటా వస్తుంది.